బాండా, ఓపెన్ స్పేస్ ట్యాక్సా: దేనికి ఎస్ కొట్టాలి?

పొలాలు, అడవులు, పార్కుల స్థలాల్ని కాపాడటానికి ట్యాక్స్ వేయాలా, బాండ్ తీయాలా అని ఓటర్లనే అడుగుతారు. అదే ఓపెన్ స్పేస్ క్వశ్చన్. బ్యాలెట్ ఇంటికి వచ్చిందంటే ఫోన్లు మొదలు. "అన్నా, ఆ ఓపెన్ స్పేస్ క్వశ్చన్‌కి ఏం కొట్టమంటావు? ఇప్పటికే ప్రాపర్టీ ట్యాక్స్ వాచిపోతోంది." న్యూజెర్సీలో ఇల్లు కొన్న మనవాళ్లలో హెచ్1బీ వాళ్లు ఆ ట్యాక్స్ కట్టడానికే గానీ ఓటుకి పనికిరారు. కాబట్టి ఓటున్న మనమైనా చూసి వేయాలి.

ట్యాక్స్ లెక్క తేలిక. ఇంటి అసెస్డ్ విలువలో, అంటే పన్ను కోసం కట్టిన విలువలో, ప్రతి 100 డాలర్లకి ఇన్ని సెంట్లని అడుగుతారు. 5 లక్షల ఇంటికి 2 సెంట్లంటే ఏడాదికి 100 డాలర్లు. వడ్డీ బాధ లేదు.

బాండ్ అంటే అప్పే. కాలిఫోర్నియా 2024లో 1,000 కోట్ల డాలర్ల బాండ్ అడిగిన బ్యాలెట్ ప్రశ్న ప్రపొజిషన్ 4కి ఎస్ అంది. నీళ్లు, అడవులు, పార్కులు అన్నీ అందులోనే. ఏటా సుమారు 40 కోట్ల చొప్పున 40 ఏళ్లు తీర్చాలని అప్పుడు వేసిన అంచనా. అంటే 1,600 కోట్లు. మన జెర్సీ రెండు దారులూ తొక్కింది. 1961లో స్థలాలు కాపాడే గ్రీన్ ఏకర్స్ పథకానికి 6 కోట్ల బాండ్‌తో మొదలుపెట్టి, 2009లో 40 కోట్ల బాండ్ దాకా వచ్చి, 2014లో కార్పొరేట్ ట్యాక్స్‌లో కొంత భాగాన్ని దీనికే కేటాయించేలా రాజ్యాంగం మార్చుకుంది.

టెక్సస్ 2023లో మిగులు డబ్బులోంచి 100 కోట్లు తీసి కొత్త స్టేట్ పార్కుల కోసం పక్కన పెట్టింది. మిగులుంటే అంతకన్నా ఏం కావాలి.

నా ఓటు మాత్రం బాండ్‌కే. వడ్డీ కన్నా నాకు టైమింగ్ ముఖ్యం. మా ఊరి చివర ఒక సోయాబీన్ పొలం ఉండేది. పెద్దాయన పోయాక పిల్లలు అమ్మకానికి పెట్టారు. ఏళ్ల తరబడి సెంటు సెంటు పోగేసిన టౌన్‌షిప్ ఫండ్‌లో అడిగిన ధరకి మూడో వంతు కూడా లేదు. "ఇంకో నాలుగేళ్లు ఆగితే..." అని మీటింగ్‌లో ఒకాయన అంటుండగానే బిల్డర్ అగ్రిమెంట్ రాసేసుకున్నాడు. ఇప్పుడక్కడ టౌన్‌హౌస్‌లు. ఒకటి మా తమ్ముడే కొన్నాడు, ఏమంటాం!

అందుకే పొలం దొరికినప్పుడు బాండ్‌తో కొనేసి, ఓపెన్ స్పేస్ ట్యాక్స్‌తో వాయిదాలు తీర్చుకోవడం నాకు నచ్చిన పద్ధతి. చట్టం దానికి ఒప్పుకుంటుంది కూడా. కానీ పదేళ్లకే చిరిగిపోయే ఆర్టిఫిషియల్ టర్ఫ్‌కి ఇరవై ఏళ్ల బాండ్ అంటే మొహమాటం లేకుండా నో.

ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో వివరణ ఉంటుంది. అందులో 'అక్విజిషన్', అంటే స్థలం కొనడం, అన్న మాట కనబడకపోతే అప్పుడు ఫోన్ చేయండి.