జోడ్‌బీడ్ నీటి గుంట దగ్గర గద్దల ఫోటోలు: మూడు రోజుల మాటు సేవపై సమీక్ష

రాజస్థాన్‌లోని బికనేర్ నగర శివార్లలో, జాతీయ ఒంటెల పరిశోధన కేంద్రానికి దగ్గరగా, జోడ్‌బీడ్ అనే సంరక్షణ ప్రాంతం ఉంది. చుట్టుపక్కల చనిపోయిన ఆవులు, గేదెలు, ఒంటెల కళేబరాలను ఎన్నో ఏళ్లుగా అక్కడే తెచ్చి వేస్తున్నారు. 2008లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించిన ఆ 56 చదరపు కిలోమీటర్ల బీడుకు చలికాలంలో కజకస్తాన్, మంగోలియా, రష్యా గడ్డి మైదానాల నుంచి స్టెప్పీ గద్దలు వందల సంఖ్యలో వచ్చి చేరతాయి. గత జనవరిలో నేను, నా మిత్రుడు హైదరాబాద్ నుంచి వెళ్లి మూడు రోజులు అక్కడ ఫోటోలు తీసుకున్నాం. జీపు, గైడు, పక్షులకు కనబడకుండా లోపల దాక్కుని ఫోటోలు తీసే మాటు గుడారం కలిపి ఇచ్చే ఒక స్థానిక నిర్వాహకుడి సేవను ఇద్దరికీ కలిపి రోజుకు ఆరు వేల రూపాయలకు మాట్లాడుకున్నాం. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి ఆయన పేరు ఇవ్వడం లేదు.

జోడ్‌బీడ్‌కు వెళ్లే ఫోటోగ్రాఫర్లలో చాలామంది నేరుగా కళేబరాల దగ్గరికే వెళతారు. పక్షులు అక్కడ లెక్కకు మించి ఉంటాయన్నది నిజమే గాని, ఫ్రేములో ఎముకలు, ప్లాస్టిక్ సంచులు, కుక్కలు తప్పకుండా పడతాయి. పైగా పక్షులన్నీ ఒకదానిపై ఒకటి పడి తింటుంటే ఏ గద్ద ఏం చేస్తోందో విడిగా కనిపించదు. మా గైడు మొదటి రోజే మమ్మల్ని అక్కడి నుంచి తప్పించి, బీడు అంచున పశువుల తొట్టి పొర్లి ఏర్పడిన ఒక చిన్న గుంట దగ్గరికి తీసుకువెళ్లాడు. అది మన ఊళ్లలో ఎద్దుల బండి పట్టేంత వెడల్పు కూడా లేదు. గద్దలకు కావలసిన నీరు చాలావరకు తినే మాంసం నుంచే అందుతుంది. అయినా కడుపు నిండాక ముక్కుకు, ఈకలకు అంటిన రక్తం కడుక్కోవడానికి అవి నీటిని వెతుక్కుంటూ వస్తాయని, తిండి దగ్గర కనిపించని ప్రవర్తన నీటి దగ్గర కనిపిస్తుందని ఆయన చెప్పాడు. మూడు రోజులూ ఆ మాటే రుజువైంది. ఈ సేవకు నేను ఇచ్చే మొదటి మార్కు, అన్నిటికంటే పెద్ద మార్కు, ఈ ఎంపికకే.

గుడారంలోకి సూర్యోదయానికి గంట ముందే చేరాలి. జనవరిలో అక్కడ ఏడు దాటాక గాని తెల్లవారదు. ఇసుక మీద చలి ఎముకలు కొరికేస్తుంది కాబట్టి రెండు జతల మేజోళ్లు, వేళ్లు బయటికి ఉండే చేతి తొడుగులు తప్పనిసరి. గుడారంలో కిటికీ నేలకు ఒక జానెడు ఎత్తులోనే ఉంది, బోర్లా పడుకుని లెన్సును ఇసుక సంచి మీద పెట్టుకోవాలి. ఒళ్లు నొప్పులు పుట్టినా, గద్ద కంటికి సమానమైన ఎత్తులో లెన్సు ఉండటం వల్ల వచ్చే ఫోటోకు, జీపు మీద నుంచి కిందికి తీసే ఫోటోకు పోలికే లేదు. వెలుగు పరిచిన ఇసుక కెమెరాను మోసం చేసి ముదురు గోధుమ రంగు గద్దను నల్లటి ముద్దగా మారుస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు అంటే ఫోటోలో వెలుగు రెట్టింపు) పెంచి పెట్టుకున్నాను. అదే ఫ్రేములోకి తెల్ల రాబందు వచ్చి దిగితే వెంటనే తగ్గించాలి. స్నానం చేసే పక్షికి సెకనులో 2,000వ వంతు కంటే నెమ్మదిగా తీస్తే నీటి బిందువులు గీతలవుతాయి.

రెండో రోజు ఉదయం చూసినది వివరంగా చెప్పాలి. ఒక పిల్ల స్టెప్పీ గద్ద, గొంతు కింద సంచి ఉబ్బి, జమ్మి చెట్టు కింద దిగి దాదాపు ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడింది. (మన తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం జమ్మి చెట్టే కావడం ఆ పూట నాకు ఎంతో ఆత్మీయంగా తోచింది.) తర్వాత అది కోడిపెట్టలా అటూ ఇటూ ఊగుతూ నడిచి వచ్చి, నీళ్లలో పొట్ట వరకు దిగి, ముక్కు ముంచి, తల పైకెత్తి మింగింది. రెక్కలు కొట్టడం మొదలుపెట్టగానే వాటి అడుగున ఉన్న వెడల్పాటి తెల్లని పట్టీ మెరిసింది. పిల్ల గద్దకు గుర్తు అదే. అంతలో ఒక పెద్ద గద్ద గుంట అవతల దిగింది. అది అరవలేదు, పరుగెత్తి రాలేదు. మెడ వెనుక ఈకలు నిక్కబొడుచుకుని, రెక్కలు సగం విప్పి, ముక్కు తెరిచి నాలుగు అడుగులు వేసింది. పిల్ల గద్ద వెనక్కి వాలి కాళ్లు ముందుకు చాచింది. రెండింటి గోళ్లూ ఒక్క క్షణం తగిలాయి, నీళ్లు లేచాయి, పిల్లది గట్టెక్కింది. పెద్దది నీళ్లు తాగి వెళ్లేదాకా అది ఒడ్డునే తడిసి నిలబడి, మళ్లీ దిగి స్నానం పూర్తిచేసుకుంది. కళేబరం దగ్గర అయితే ఈ మొత్తం వ్యవహారం ముప్ఫై పక్షుల గుంపులో మునిగిపోయి ఉండేది.

గైడు పక్షి జ్ఞానం గురించి సందేహమే లేదు. స్టెప్పీ గద్దను, అక్కడే ఏడాది పొడవునా ఉండే టానీ గద్దను వేరు చేయడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. స్టెప్పీ గద్ద నోటి పసుపు గీత కంటి వెనుక అంచు దాకా వెళుతుందని, టానీ గద్దకు అది కంటి మధ్య కిందే ఆగిపోతుందని ఆయన మా కెమెరా తెర మీదే పెద్దది చేసి చూపించాడు. మూడో రోజు ఒక గద్ద తల వాల్చి ఒడ్డున కూర్చుంటే, ఫోటో తీయడం ఆపమని ఆయన చేయి ఎత్తాడు. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందులను చంపుతోందని 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. రాజస్థాన్‌లో కళేబరాల మధ్య చనిపోయి దొరికిన రెండు స్టెప్పీ గద్దలలోనూ ఆ మందు అవశేషాలు కనిపించాయని 2014లో ఒక పరిశోధన వచ్చింది. తల వాల్చడం ఆ విషపు గుర్తు కావచ్చు కాబట్టి అలాంటి గద్దను చూస్తే ఆయనకు గుండె ఆగుతుందట. అరగంట తర్వాత అది నీళ్లు తాగి ఎగిరిపోయినప్పుడు ఆయన ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఇక లోపాలు. గుడారం గుంటకు తూర్పు వైపున స్థిరంగా ఉంది. ఉదయం సూర్యుడు మన వీపు వెనుక ఉంటాడు కాబట్టి వెలుగు చక్కగా పక్షి మీద పడుతుంది. మధ్యాహ్నం తర్వాత అంతా ఎదురెండ. పడమటి వైపు ఇంకో గుడారం లేకుండా సాయంత్రం పూటకు కూడా డబ్బు తీసుకోవడం సబబు కాదు. పదకొండు దాటితే ఇసుక మీద వేడి గాలి అలలు లేచి ఎంత మంచి లెన్సుతోనైనా ఫోటో మెత్తబడుతుంది. కాబట్టి నిజంగా పనికొచ్చేది ఉదయం మూడు నాలుగు గంటలే అన్న సంగతి ముందుగా చెప్పి ఉండవలసింది.

రెండోది నన్ను నిజంగా బాధపెట్టింది. రెండో రోజు సాయంత్రం గైడుకు బదులుగా వచ్చిన డ్రైవరు, ఎగిరే ఫోటోలు దొరుకుతాయని, నేల మీద విశ్రాంతి తీసుకుంటున్న గద్దల గుంపు మీదికి జీపును దారి తప్పించి నడిపాడు. అవన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. మేము వెంటనే ఆపమని అడిగాం, ఒక్క ఫోటో కూడా తీయలేదు. స్టెప్పీ గద్ద 2015 నుంచి ప్రపంచ స్థాయిలో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి వీధికుక్కల బెడద ఎలాగూ ఉండనే ఉంది, దానికి మన జీపు తోడవకూడదు. రాత్రి నిర్వాహకుడితో మాట్లాడితే క్షమించమన్నాడు గాని, దారి వదిలి పక్షుల మీదికి జీపు నడపకూడదని డ్రైవరుకు ముందు చెప్పలేదని కూడా ఒప్పుకున్నాడు.

జీపులో నీళ్లు, టీ, వేడి బాజ్రా రొట్టెలు సమయానికి అందాయి. గుడారంలో పరిచిన చాప పలచన, కింద వేసుకోవడానికి దుప్పటి మీరే తీసుకెళ్లండి.

మేము డిసెంబరుకు మళ్లీ అడిగాం, ఈసారి ఉదయాలు మాత్రమే. దారి వదిలి జీపు నడపకూడదని, మొదటి గైడే మూడు రోజులూ ఉండాలని రాతపూర్వకంగా ఒప్పించుకున్నాం. పడమటి గుడారం నవంబరులో వేస్తానని నిర్వాహకుడు మాట ఇచ్చాడు. అది వేసినట్లు ఫోటో పంపాకే బయానా పంపుతామని చెప్పాం.