సెంట్రల్ సిటీ ఒపేరా హౌస్: నాటకశాలకు నూరు మార్కులు, బసకు సున్నా

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నుంచి పడమరగా కొండల్లోకి దాదాపు 35 మైళ్ళు వెళితే సెంట్రల్ సిటీ అనే ఊరు వస్తుంది. నిండా వెయ్యిమంది లేని ఆ ఊళ్ళో 1878లో కట్టిన ఒపేరా హౌస్, అంటే పాటలతోనే కథ నడిపే సంగీతనాటకాల శాల, నేటికీ వేసవి వేసవికీ ప్రదర్శనలతో నడుస్తోంది. దాన్ని తప్పక చూడాలని, రాత్రి బస మాత్రం ఆ ఊళ్ళో పెట్టుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ప్రయాణం హాయిగా సాగింది. ప్రదర్శన ముగిసేసరికి బాగా పొద్దుపోతుంది కాబట్టి, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారిని చీకట్లో కొండదారిన తిప్పడం ఎందుకని ఊళ్ళోనే ఒక కేసినో హోటల్లో గది తీసుకున్నాం. బుక్ చేసేటప్పుడు చూపించిన అద్దె 169 డాలర్లు. తీరా కౌంటర్ దగ్గరికి వెళితే 34 డాలర్ల రిసార్ట్ ఫీజు, పన్నులు కలిపి 226 డాలర్ల 80 సెంట్లు కట్టమన్నారు. ఆ ఫీజు దేనికని మావారు అడిగితే ఈతకొలను కోసమన్నారు. ఈతకొలను మరమ్మతులో ఉందన్న కాగితం మాత్రం దాని తలుపు మీద మాకు కనిపిస్తూనే ఉంది. ఫ్రిజ్ ఉంటుందని రాసిన గదిలో ఫ్రిజ్ చల్లబడలేదు. బాగుచేయించమని ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారే గానీ, తెల్లవారినా ఎవరూ రాలేదు.

అన్నింటికంటే కష్టం కలిగించింది భోజనం. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివారు జూదశాలలో నిలబడకూడదన్న నియమాన్ని నేను తప్పుపట్టను. కానీ భోజనశాలకు దారి జూదశాల మధ్యనుంచే ఉందని, మా పద్నాలుగేళ్ళ అమ్మాయితో అక్కడికి రావడం కుదరదని గది ఇచ్చేముందే చెప్పడం వారి బాధ్యత. చివరికి ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోరను మంచం అంచున కూర్చొని తిన్నాం. “ఇంత డబ్బు పోసి దొంగచాటుగా తిన్నట్టుందమ్మా,” అన్నారు అత్తగారు. జూదానికి రానివారి పట్ల ఆ హోటల్‌కు ఏ మర్యాదా లేదు.

ఇది నాకు మరీ బాధ కలిగించడానికి కారణం ఉంది. కొలరాడో ప్రజలు 1990లో ఓటు వేసి సెంట్రల్ సిటీ, బ్లాక్ హాక్, క్రిపుల్ క్రీక్ అనే మూడు పాత గనుల ఊళ్ళకు జూదాన్ని అనుమతించినప్పుడు, ఆ ఆదాయంలో కొంత చారిత్రక కట్టడాల సంరక్షణకు వెళ్ళాలన్నది షరతు. 1991 అక్టోబరులో కేసినోలు తెరుచుకున్నాయి. చరిత్ర పేరు చెప్పి వచ్చిన వ్యాపారం ఆ చరిత్రను చూడవచ్చిన కుటుంబాన్ని ఇలా చూడడం న్యాయం కాదు.

ఒపేరా హౌస్ దగ్గర మాకు దొరికిన ఆదరణ పూర్తిగా వేరు. యురీకా వీధిలో, 1872 నాటి టెల్లర్ హౌస్ హోటలు పక్కన, పెద్ద ఆర్భాటం లేని రాతి భవనం అది. 1859లో ఇక్కడి లోయలో జాన్ గ్రెగరీకి బంగారం దొరికాక, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి, వేల్స్ నుంచి గని పనివారు తరలివచ్చారు. వారు పాటను ప్రాణంగా చూసుకునే మనుషులు. 1874లో అగ్నిప్రమాదం ఊరిని చాలావరకు బూడిద చేసింది. మళ్ళీ ఊరు కట్టుకుంటున్న ఆ జనమే నాలుగేళ్ళు తిరక్కుండా చందాలు పోగుచేసి, డెన్వర్ వాస్తుశిల్పి రాబర్ట్ రోష్‌లాబ్ చేత ఈ నాటకశాల కట్టించుకున్నారు. గోడల మందం నాలుగు అడుగులు. లోపలి పైకప్పు మీద జాన్ మాస్‌మాన్ వేసిన చిత్రాలు చదునైన కప్పుకే లోతు, గుండ్రదనం ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. మా అమ్మాయి తల ఎత్తి చూస్తూ, అవి చెక్కినవా గీసినవా అని వాళ్ళ నాన్నతో వాదించింది.

గనులు తగ్గుముఖం పట్టడంతో నాటకశాల వైభవం కూడా తగ్గింది. కొన్నాళ్ళు సినిమాలు ఆడించి, 1927లో మూసేశారు. 1931లో మెక్‌ఫార్లేన్ కుటుంబం దాన్ని డెన్వర్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేయగా, ఐడా క్రూజ్ మెక్‌ఫార్లేన్, ఆన్ ఎవాన్స్ అనే ఇద్దరు మహిళలు పునరుద్ధరణను భుజాన వేసుకున్నారు. తొలి తరం వలసదారుల పేర్లు చెక్కిన కుర్చీలకు దాతలను వెతికి నిధులు కూడబెట్టారు. దేశమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉన్న 1932 జూలైలో, సినీనటి లిలియన్ గిష్ నాయికగా ‘కమీల్’ నాటకంతో తెర మళ్ళీ లేచింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆగినా, ఆనాడు మొదలైన వేసవి ఉత్సవం నేటికీ కొనసాగుతోంది. అటువంటి రోజుల్లో అటువంటి పని తలపెట్టిన ఆ ఇద్దరిమీద నాకు అపారమైన గౌరవం కలిగింది.

టికెట్ ఒక్కింటికి 62 డాలర్ల చొప్పున నలుగురికి 248 అయింది. ఒక్క డాలరు కూడా వృథా కాలేదు. సుమారు 550 సీట్ల శాల కావడంతో గాయని ఊపిరి తీసుకోవడం కూడా మాకు తెలిసింది. మైకుల్లేవు. చిన్నతనంలో తెనాలిలో రాత్రంతా మేలుకొని పద్యనాటకాలు చూసిన అత్తగారు, గాయని ఒక దీర్ఘమైన స్వరాన్ని సన్నగా సాగదీసి నిలిపినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చప్పట్లు ఆగగానే, “ఇక్కడ వన్స్ మోర్ అడగరా అమ్మాయ్?” అన్నారు. అడగరని చెబితే నిజంగానే నొచ్చుకున్నారు. భాష ఒక్క ముక్క తెలియకపోయినా విరామంలో కథంతా తిరిగి మా అమ్మాయికి చెప్పింది ఆవిడే. ద్వారం దగ్గరి సిబ్బంది ఆవిడ కోసం మెట్లు తక్కువగా ఉన్న దారి చూపించి, సీటు దాకా వెంట వచ్చి కూర్చోబెట్టారు.

వెళ్ళదలచినవారు 2004లో తెరిచిన సెంట్రల్ సిటీ పార్క్‌వే మీదుగా వెళ్ళండి. అది ఇంటర్‌స్టేట్ 70 అనే పెద్ద రహదారి నుంచి నేరుగా ఊళ్ళోకి వస్తుంది. ఊరు దాదాపు 8,500 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి పెద్దవాళ్ళకు ఆయాసం వస్తుంది. ఒక గంట ముందే చేరి, నీళ్ళు తాగించి, నెమ్మదిగా నడిపించండి. వారికి బాల్కనీ వద్దు, కింది సీట్లే తీసుకోండి. భోజనం డెన్వర్‌లోనే ముగించుకోండి, లేదా డబ్బా కట్టుకెళ్ళండి. మధ్యాహ్నం ప్రదర్శన ఉన్న రోజు చూసి టికెట్లు కొంటే, సాయంత్రానికే కొండ దిగి ఇంటికి చేరవచ్చు, హోటల్ గదికి పోసే 226 డాలర్లూ మిగులుతాయి.