జున్నుకి చిప్ వేయించాం: సూది పని బాగుంది, రాత పని బాగాలేదు

తిరుపతిలో పిల్లికి మైక్రోచిప్ వేయించాలా వద్దా అని ఆలోచించేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మేం వెళ్లింది ఊళ్లోనే ఒక ప్రైవేట్ పెట్ క్లినిక్‌కి. పేరు రాయను. నా ఫిర్యాదు ఆ ఒక్కచోటికే చెందినది కాదని తర్వాత నాలుగు చోట్లకి ఫోన్లు చేస్తే అర్థమైంది.

జున్ను తెల్లపిల్లి. ఎం.ఆర్.పల్లిలో మాది మూడో అంతస్తు ఫ్లాటు, అది మెట్లు దిగి ఎరగదు. "గడప దాటని దానికి చిప్ ఎందుకండీ, డబ్బులెక్కువయ్యాయా?" అని మా ఆవిడ. నాకు తోచింది వేరు. గడప దాటని పిల్లే దాటిన రోజున ఎక్కువ ఇబ్బంది పడుతుంది. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి తలుపు బార్లా తీసిపెట్టినా చాలు, ఏసీ మెకానిక్ బాల్కనీ నెట్ ఊడదీసి మళ్లీ బిగించకపోయినా చాలు. దీపావళి రాత్రి సంగతి ఇక చెప్పక్కర్లేదు. వీధిపిల్లికి వీధి తెలుసు. ఇది బెదిరితే ఏ కారు కిందో దూరి, మనం గొంతు చించుకుని పిలిచినా గమ్మున కూర్చుంటుంది. ఎవరికో దొరికిందే అనుకుందాం, తెల్లపిల్లులు ఊరి నిండా ఉన్నాయి, ఇది మాదేనని ఎట్ల చెప్తాం?

ఇంగ్లండ్‌లో ఉన్న మా అమ్మాయి పోరు కూడా ఉందనుకోండి. అక్కడ 2024 జూన్ 10 నుంచి 20 వారాలు నిండిన పెంపుడు పిల్లులన్నింటికీ చిప్ తప్పనిసరి. ఇంట్లోనే ఉండే పిల్లి అంటే ఊరుకోరు. గడువిచ్చినా వేయించకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. "అక్కడ అందరూ వేయిస్తున్నారు నాన్నా" అని ఫోన్ చేసినప్పుడల్లా ఇదే పాట.

మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది దీన్ని జీపీఎస్ అనుకుంటున్నారు. కాదు. పిల్లి ఎక్కడుందో ఇది చెప్పదు. బియ్యపు గింజంత గాజు గొట్టం, లోపల బ్యాటరీ ఉండదు. చిప్ చదివే మెషిన్‌ని, అంటే రీడర్‌ని, చర్మానికి దగ్గరగా ఆనించినప్పుడే దాని తరంగాలతో మేలుకుని 15 అంకెల నంబరు చూపిస్తుంది. అంతే. పేరు, ఫోన్, అడ్రస్ ఏవీ అందులో ఉండవు, అవి చిప్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కింద ఎక్కించాలి. నేను ఆర్టీసీ డిపోలో రిజిస్టర్లు రాసి రిటైరైన మనిషిని కాబట్టి నా లెక్కలో చెప్తా: ఇది బండికి ఛాసిస్ నంబరు లాంటిది. ఆర్‌సీ బుక్కులో మన పేరు లేకపోతే ఆ నంబరు ఉండీ ఏం లాభం?

డాక్టరమ్మ పనికి మాత్రం వంక పెట్టలేను. వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు, మంచి హస్తవాసి ఉన్న డాక్టర్లకు కొదవ లేదు. ముందు జున్ను ఒంటి మీద రీడర్ తిప్పి పాత చిప్ ఏదీ లేదని చూసింది. ప్యాకెట్‌లోని చిప్‌ని కూడా చదివించి, స్టిక్కర్ మీద నంబరుతో సరిపోయిందని నాకు చూపించింది. రెండు భుజాల మధ్య తోలు పైకి పట్టి సూది దించింది. సూది టీకా సూది కన్నా లావే, చూసి నాకే చెమట పట్టింది. జున్ను ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది. మత్తు లేదు, కుట్లు లేవు. మళ్లీ రీడర్ పెట్టి నంబరు వస్తోందని చూపించాకే వదిలింది. చిప్, ఫీజు కలిపి 1,200 రూపాయలు. సాయంత్రానికి జున్ను మామూలుగా అన్నం తినేసింది.

కౌంటర్ దగ్గరే అసలు తలనొప్పి. టీకా కార్డులో నంబరు రాయలేదు. స్టిక్కర్ అడిగితే "సిస్టమ్‌లో ఉంటుంది సార్" అన్నాడు అబ్బాయి. ఏ సిస్టమో చెప్పడు. గట్టిగా అడిగితే డ్రాయర్ వెతికి ఇచ్చాడు. ఇంటికొచ్చి చిప్ కంపెనీ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూస్తే యజమాని వివరాలు ఉండాల్సిన చోట క్లినిక్ ఫోన్ నంబరుంది! రేపు ఆ క్లినిక్ మూసేస్తేనో, నంబరు మారిస్తేనో? ఫోన్ల మీద ఫోన్లు చేసి, చివరికి నేనే వెళ్లి పక్కన కూర్చుని మా ఇద్దరి నంబర్లు ఎక్కించుకొచ్చా.

ఇది నా చాదస్తం అనుకోకండి. అమెరికాలో జంతువుల షెల్టర్ల మీద 2009లో ఒక అధ్యయనం వచ్చింది. దారి తప్పి వచ్చిన పిల్లులు మొత్తంలో 2 శాతం కూడా ఇల్లు చేరలేదు, చిప్ ఉన్నవి మాత్రం 38 శాతానికి పైగా చేరాయి. యజమాని దొరక్కపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం తప్పు ఫోన్ నంబరు, లేకపోతే పనిచేయని నంబరు.

ఇంకో చిక్కు రీడర్. దొరికిన పిల్లిని తీసుకెళ్తే మీ దగ్గర చదివే మెషిన్ ఉందా అని కొన్ని క్లినిక్‌లకి, పెట్ షాపులకి ఫోన్ చేసి అడిగా. ఒకచోట ఉందన్నారు. ఇంకోచోట "స్కానింగా సార్? దానికి డాక్టర్ రాసివ్వాలి" అన్నారు. కడుపు స్కానింగ్ అనుకున్నట్టున్నారు పాపం. అందుకే చిప్ ఉంది కదా అని మేం ధీమాగా లేం. లాగితే ఊడిపోయే బకిల్ ఉన్న కాలర్ కొని దాని మీద ఫోన్ నంబరు రాయించాం, వాచ్‌మన్ ఫోన్‌లో జున్ను ఫోటో పెట్టాం. అయినా కాలర్ ఊడిపోతుంది, చిప్ ఊడదు. కాబట్టి ఇంటిపిల్లికైనా వేయించమనే అంటాను. ఈ మాటకి మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పిల్లలు విదేశాల్లో ఉండి, పిల్లిని ఎప్పుడైనా తీసుకెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకోటి గమనించండి. యూరప్ దేశాలకి చిప్ వేశాక వేసిన రేబిస్ టీకానే చెల్లుతుంది, ముందు వేసింది లెక్కలోకి రాదు. ఈ ముక్క కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు, మా అమ్మాయి చెప్పింది.

డాక్టరమ్మకి అయిదుకి అయిదు, కౌంటర్‌కి ఒకటిన్నర. వెళ్లేవాళ్లు స్టిక్కర్లు రెండు అడగండి, ఒకటి టీకా కార్డు మీద అక్కడే అంటించమనండి. మీ పేరు, ఫోన్ నంబరు ఆన్‌లైన్‌లో ఎక్కినట్టు కళ్లతో చూశాకే డబ్బులు కట్టండి.