హడ్సన్ అఖాతంలో రేవుకు నెల్సన్ మేలా, చర్చిల్ మేలా?

కెనడా ఉత్తర భాగంలోకి చొచ్చుకొచ్చిన హడ్సన్ అఖాతం వైశాల్యం సుమారు 12 లక్షల చదరపు కిలోమీటర్లు, సగటు లోతు మాత్రం 100 మీటర్ల దరిదాపుల్లోనే. కెనడా నడిమి గడ్డిమైదానాల (ప్రెయిరీల) గోధుమను ఈ సముద్రం మీదుగా ఐరోపాకు పంపాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, పడమటి తీరంలో నెల్సన్, చర్చిల్ నదీముఖాలు పోటీకి నిలిచాయి. మంచు విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఎక్కడ బయలుదేరిన నౌకైనా హడ్సన్ జలసంధి దాటాల్సిందే, ఆ దారి వేసవి చివర కొద్ది నెలలే తెరిచి ఉంటుంది.

కాగితం మీద నెల్సన్‌దే పైచేయి, ఎందుకంటే అక్కడికి రైలుమార్గం వంద కిలోమీటర్లకు పైగా తగ్గుతుంది. 1912లో దాన్నే ఎంచుకున్నారు. అయితే విన్నిపెగ్ సరస్సు నుంచి వచ్చే ఆ పెద్ద నది ముఖద్వారం నిండా ఒండ్రు మేట వేస్తుంది. తీరం దగ్గర నీటి లోతు తక్కువ కావడంతో పెద్ద నౌకలు చాలా దూరంలోనే లంగరు వేయాలి. కాకినాడలో మాదిరి బార్జీలతో సరుకు చేరవేద్దామంటే, ఇంత చిన్న సీజనులో అది గిట్టుబాటు కాదు. అందుకే నదిలో కృత్రిమ దీవి కట్టి, 17 స్పాన్ల ఉక్కు వంతెనతో ఒడ్డుకు కలిపారు. పూడిక తీయడానికి తెచ్చిన డ్రెడ్జరేమో 1924 తుపానులో ఆ దీవి మీదికే కొట్టుకొచ్చి పడింది! పైగా, మంచుయుగపు హిమఫలకం బరువుకు కుంగిన నేల ఇప్పటికీ ఏటా దాదాపు 1 సెంటీమీటరు చొప్పున పైకి లేస్తోంది కనుక, లోతు తక్కువైన ఈ తీరంలో సముద్రం క్రమంగా వెనక్కి పోతోంది.

చర్చిల్‌కు రాతి ఒడ్డు, సహజమైన లోతు ఉన్నాయి. బ్రిటిష్ ఇంజినీరు ఫ్రెడరిక్ పామర్ 1927లో దానివైపే మొగ్గారు. పట్టాలు 1929లో చేరాయి, గోధుమ ఎగుమతి 1931లో మొదలైంది. దీని లోపమంతా నేలలో ఉంది. చివరి దశలో పట్టాలు శాశ్వతంగా గడ్డకట్టిన నేల మీద సాగుతాయి. పైపొర వేసవిలో కరిగితే పట్టాల కింది మట్టికట్ట కుంగుతుంది, రైళ్లు నెమ్మదిగా నడపక తప్పదు. 2017 మే వరదలకు కట్ట అనేకచోట్ల కోతకు గురై, 2018 శరదృతువు దాకా రైళ్లు నడవలేదు.

అయినా చర్చిలే మేలని నా అభిప్రాయం. కుంగిన కట్టకు కంకర పోసి రైళ్లు నడుపుకోవచ్చు. నెల్సన్‌లో ఒకసారి తీసిన పూడిక మళ్లీ మేట వేస్తూనే ఉంటుంది. ఒడ్డుకు దూరంగా, లోతు నీటిలోనే నేరుగా ధాన్యం ఎక్కించే ఏర్పాటు చవకగా కుదిరితే తప్ప, నెల్సన్ దగ్గరిదారి వల్ల మిగిలే ఖర్చంతా డ్రెడ్జింగ్‌కే సరిపోతుంది.