పాట దాటేయకుండా 52 పాత సినిమాలు: 14 నెలల తర్వాత

వారానికి ఒకటి చొప్పున 52 తెలుగు బ్లాక్ అండ్ వైట్ సినిమాలు చూడాలని నాకు నేనే పెట్టుకున్న ఛాలెంజ్ పోయిన నెలలో పూర్తయింది. ఏడాదిలో అయిపోతుందనుకున్నది 14 నెలలు పట్టింది. 1938 నాటి ‘మాలపిల్ల’తో మొదలుపెట్టి 1980లో వచ్చిన ‘మా భూమి’తో ఆపాను. విడుదలైన ఏళ్ళ వరుసలోనే చూశాను. ఇలాంటిది మొదలుపెడదామనుకునేవాళ్ళకు పనికొస్తుందని, ఇందులో ఏది కలిసొచ్చిందో ఏది విసిగించిందో రాస్తున్నాను.

దీనికి ముందు ఒకసారి వంద రోజుల్లో వంద సినిమాలు అని పెట్టుకుని 19వ రోజున వదిలేశాను. పదో సినిమా దగ్గరికి వచ్చేసరికి లెక్క పూర్తిచేయడమే పనైపోయింది. వేగం ఒకటిన్నర రెట్లు పెట్టి, పాట రాగానే ముందుకు జరిపి, రాత్రి పన్నెండు లోపు ముగించి, లిస్టులో టిక్కు పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ 19 సినిమాల్లో ఐదారింటి కథ కూడా నాకు గుర్తులేదు.

అందుకే ఈసారి నియమాలు మార్చుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కటే సినిమా. ఫోన్ పక్క గదిలో ఉండాలి. అయిపోయాక నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయాలి, బాగుంది బాగాలేదు అన్న మాటలు వాడకుండా రాయాలి. అన్నిటికన్నా కష్టమైన నియమం ఒకటుంది: ఏ పాటనూ, ఏ కామెడీ ట్రాకునూ దాటవేయకూడదు. ఈ ఒక్కటీ లేకపోతే మిగతా నియమాలన్నీ పెట్టుకున్నా నేను చూసింది సగం సినిమాలే అయ్యేవి.

మొదటి నెల నిజంగా కష్టంగా గడిచింది. ‘మాలపిల్ల’లో శబ్దం అరిగిపోయి మాటలు సగం వినపడవు. నేను చూసిన కాపీలో మొహాలు కూడా స్పష్టంగా లేవు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ సినిమాకు కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. 1938లో గుడి ప్రవేశం గురించి, కులాంతర ప్రేమ గురించి జనం టికెట్టు కొనుక్కుని వచ్చి చూసే సినిమా తీశారన్న సంగతి నాకు పుస్తకాల్లో తెలుసు. తెర మీద కాంచనమాల నిలబడి మాట్లాడుతుంటే ఆ తెలిసినదానికి ఒక మనిషి మొహం వచ్చింది. అయినా ఒకటి చెప్పాలి, మొదటిసారి మొదలుపెట్టేవాళ్ళు దీనితో మొదలుపెట్టొద్దు. 1951 నుంచి మొదలుపెట్టి, చెవి అలవాటు పడ్డాక వెనక్కి రండి.

1951 అని ఎందుకంటున్నానంటే, ఆ ఒక్క ఏడాదిలోనే ‘పాతాళ భైరవి’, ‘మల్లీశ్వరి’ రెండూ వచ్చాయి. రెండింటిలోనూ రామారావే. ఒకదాంట్లో తోటరాముడు, ఇంకోదాంట్లో శిల్పి నాగరాజు. రెండూ వారం తేడాతో చూస్తే ఒక నటుడిని ఇద్దరు దర్శకులు ఎంత వేరుగా వాడుకోవచ్చో కళ్ళకు కడుతుంది. కె.వి. రెడ్డి దగ్గర కథ పరిగెడుతుంది. బి.ఎన్. రెడ్డి దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంది. ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడిగా వేసిన ఎస్.వి. రంగారావుకు అప్పటికి 33 ఏళ్ళు కూడా నిండలేదని తర్వాత లెక్కవేసుకుని ఆశ్చర్యపోయాను. ఆ నడక, ఆ కళ్ళు, మాటను సాగదీసి పలికే తీరు చూసి ఎవరో పండిపోయిన నటుడనుకుంటాం.

ఇక పాటల సంగతి. నిజం చెప్పాలంటే ఆ నియమం పెట్టుకున్నది నేనే అయినా పన్నెండో వారం దాకా మనసులో విసుక్కుంటూనే పాటించాను. ‘మిస్సమ్మ’ చూసిన రోజు అమ్మ కూడా పక్కన కూర్చుంది. అమ్మకు 74 ఏళ్ళు, తణుకు దగ్గర పల్లెటూళ్ళో పెరిగింది. టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద కూర్చుని సినిమాలు చూసిన మనిషి. సినిమా మధ్యలో పాట మొదలవగానే అలవాటు కొద్దీ నా చెయ్యి రిమోట్ మీదికి పోయింది. అమ్మ చూసింది.

“ఒరేయ్, ఆ పాట తీసేస్తే వాళ్ళిద్దరికీ ఎప్పుడు మనసు కలిసిందో నీకేం తెలుస్తుందిరా?” అంది.

ఆ మాట నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను. ‘మిస్సమ్మ’ కథ అందరికీ తెలిసిందే. ఉద్యోగాల కోసం పెళ్ళయిన జంటలా నటించే ఇద్దరు, మేరీ, ఎం.టి. రావు. మాటల్లో వాళ్ళు చివరిదాకా పోట్లాడుకుంటూనే ఉంటారు. మరి ప్రేమ ఎక్కడ పుట్టింది? పాటల్లోనే. ‘తెలుసుకొనవె చెల్లి’ అని ఆవిడ పాడితే, అదే వరసలో ‘తెలుసుకొనవె యువతి’ అని ఈయన జవాబు చెప్తాడు. ఒకరి మీద ఒకరికి కోపం ఉన్నా ఒకరి పాటను ఒకరు అంత శ్రద్ధగా విన్నారు కాబట్టే ఆ జవాబు వచ్చింది. ‘రావోయి చందమామ’లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు చంద్రుడికి ఫిర్యాదు చేస్తారు. వినడానికి ఫిర్యాదే, కానీ ఇద్దరూ కలిసి ఒకే చంద్రుడి ముందు నిలబడ్డారు. ఆ పాటలు దాటేసి చూస్తే చివర్లో వాళ్ళు ఒకటవడం హఠాత్తుగా అనిపిస్తుంది. నేను కాలేజీ రోజుల్లో చూసినప్పుడు సరిగ్గా అదే అనుకున్నాను, “పాత సినిమాల్లో ప్రేమ ఊరికే పుట్టేస్తుంది” అని నలుగురిలో అన్నాను కూడా. లోపం సినిమాలో లేదు, దాటేసిన పాటలో ఉంది.

ఆ తర్వాత వెనక్కి వెళ్ళి ‘మల్లీశ్వరి’ రెండోసారి చూశాను. ‘మనసున మల్లెల మాలలూగెనే’ పాటలో కథాపరంగా జరిగేది దాదాపు ఏమీ లేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, సాలూరి రాజేశ్వరరావు బాణీ, భానుమతి గొంతు, అంతే. అయితే ఆ నిమిషాల్లో మల్లి ఎంత నిండుగా ఉందో చూడకపోతే తర్వాత ఆమె పోగొట్టుకున్నది ఎంతో మనకు తెలియదు. మారువేషంలో వచ్చిన రాయలవారితో నాగరాజు సరదాకు అన్న మాట వల్ల ఇంటి ముందుకు రాణివాసం పల్లకి వస్తుంది. ఊరంతా అదృష్టం అనుకునే ఆ పల్లకి ఆ ఇద్దరికీ శాపం. ఈ 52లో ఒక్కటే ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను. ‘మాయాబజార్’ను కాదు. ఈ విషయంలో ఇంట్లో ఎవరూ నాతో ఏకీభవించలేదు.

‘మాయాబజార్’ తక్కువని కాదు. 1957లో వచ్చిన ఆ సినిమాను ఇంతకుముందు పదిసార్లయినా చూసి ఉంటాను, కానీ పాండవులు ఒక్కసారి కూడా తెర మీద కనిపించని భారత కథ అది అన్న విషయం ఈసారి రాస్తున్నప్పుడే తట్టింది. కథంతా పెళ్ళింటి వాళ్ళ మీద, బంధువుల మాట తప్పడం మీద నడుస్తుంది. డబ్బు పోయిన మేనత్త కొడుక్కి పిల్లనివ్వడానికి వెనకాడే మేనమామ ఇల్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. అందుకే అది మన ఇంటి కథ అయింది.

2010లో వచ్చిన రంగుల కాపీ మా దగ్గర ఉంది. నియమం ప్రకారం నలుపు తెలుపుల్లో చూసి, మరుసటి వారం పోల్చడానికని రంగుల్లో చూశాను. పిల్లలు రంగుల్లోదే బాగుందన్నారు, వాళ్ళను తప్పుపట్టను. ‘వివాహ భోజనంబు’లో పిండివంటలు రంగుల్లో నోరూరిస్తాయి. ‘లాహిరి లాహిరి’ దగ్గర మాత్రం నాకు మనసొప్పలేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ వెలుగునూ నీడనూ మాత్రమే వాడి కట్టిన వెన్నెల అది. దాని మీద నీలం పూస్తే వెన్నెల తగ్గిందే గానీ పెరగలేదు. రెండూ దొరికితే ముందు నలుపు తెలుపుల్లోది చూడండి.

వరుసలో చూడటం వల్ల వచ్చిన పెద్ద లాభం సావిత్రి. ‘పాతాళ భైరవి’లో ఒక నాట్యంలో కనిపించి వెళ్ళిపోతుంది. రెండేళ్ళకు ‘దేవదాసు’లో పార్వతి. 1955లో ఒకవైపు మేరీ, మరోవైపు ‘కన్యాశుల్కం’లో మధురవాణి. 1957లో శశిరేఖ, ఆ శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కూడా ఆవిడే. ఆడపిల్ల శరీరంలో ఉన్న రాక్షసుడు మరిచిపోయి తన పద్ధతిలో నడిచేస్తాడు, వెంటనే సర్దుకుంటాడు. ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి. రంగారావు భుజాలు, ఆయన గద్దింపు ఆవిడలో కనిపిస్తాయి. ఆరేళ్ళలో ఒక మనిషి ఇంత దూరం వచ్చింది. ఒక్కో సినిమా విడిగా చూసినప్పుడు ఈ ఎదుగుదల నాకు ఎప్పుడూ అందలేదు.

నచ్చనివీ ఉన్నాయి. ‘దేవదాసు’ పాటలకు చేతులెత్తి దండం పెడతాను. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ ఆ సినిమా విడుదల చూడకుండానే కన్నుమూశారని తెలిశాక ‘కుడి ఎడమైతే’ వినడం ఇంకా బరువుగా ఉంటుంది. అక్కినేని నటన గురించి కొత్తగా చెప్పేదేముంది. కానీ దేవదాసు మీద నాకు జాలి కలగలేదు. పార్వతి అర్ధరాత్రి గడప దాటి వచ్చి అడిగినప్పుడు ధైర్యం చేయనివాడు తర్వాత ఎంత తాగినా నా మనసు పార్వతి దగ్గరే ఉండిపోయింది. చంద్రముఖి దగ్గర కూడా.

‘గుండమ్మ కథ’ది వేరే ఇబ్బంది. ఇంట్లో అందరం నవ్వుతూ చూశాం. సూర్యకాంతం తెర మీద ఉన్నంతసేపూ మిగతావాళ్ళెవరూ కనపడరు, గుండమ్మ మీద నాకు ప్రేమే తప్ప కోపం రాలేదు. అయితే జమున వేసిన సరోజకు పొగరు అణచడం అనే పేరుతో రెండో సగంలో జరిగేది చూస్తూ మా అమ్మాయి, “నాన్నా, ఆ అమ్మాయిని మోసం చేసి పెళ్ళి చేసుకున్నది వాళ్ళు కదా, తప్పు తనదంటారేంటి?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అదే సినిమాలో ‘లేచింది నిద్ర లేచింది మహిళా లోకం’ పాట కూడా ఉంది. ఆ పేజీలో మా అమ్మాయి ప్రశ్న ఒక్కటే రాసి ఊరుకున్నాను.

ఇంకొన్ని త్వరగా చెప్తాను. ‘పెద్ద మనుషులు’ చూసి ఉండకపోతే వెంటనే చూడండి, ఊరి పెద్దగా గౌరీనాథశాస్త్రి చేసిన పాత్ర ఈనాటికీ వాడిగా ఉంది. ‘రోజులు మారాయి’లో వహీదా రెహమాన్ ఆడిన ‘ఏరువాక సాగారో’ కోసమైనా కూర్చోవచ్చు, మధ్యలో కాస్త సాగుతుంది. ‘నర్తనశాల’లో కీచకుడిని చూశాక ఎస్.వి. రంగారావుకు జకార్తాలో ఉత్తమ నటుడి బహుమతి రావడంలో వింతేమీ లేదనిపించింది. ‘మూగమనసులు’లో గోదారి ఉంది, జమున ఉంది, ఆత్రేయ ఉన్నాడు. పునర్జన్మ కథ నేను నమ్మలేదు, అయినా కళ్ళు తడిశాయి. బాపు మొదటి సినిమా ‘సాక్షి’ మాత్రం రెండు వారాలు నన్ను వదల్లేదు. స్టూడియో సెట్టింగులు చూసి చూసి ఉన్న కళ్ళకు ఆ గోదావరి పల్లె, ఆ రేవు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళినట్టు అనిపించాయి.

ఇబ్బందుల్లో మొదటిది కాపీల సంగతి. పాత సినిమాలు దొరకడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు, సరైన కాపీ దొరకడమే కష్టం. చదరానికి దగ్గరగా ఉండే పాత ఫ్రేమును ఈనాటి టీవీకి నిండుగా సరిపోవాలని పైనా కిందా కోసేస్తున్నారు. దాంతో తలల మీద జుట్టు, నాట్యంలో పాదాలు పోతున్నాయి. డబ్బు కట్టి చూసిన ఒకచోట కూడా ఇదే జరిగింది, ఒక సినిమాలో రెండు పాటలే లేవు. కాబట్టి మొదలుపెట్టేముందు నిడివి సరిచూసుకోండి. ఉదాహరణకు ‘మాయాబజార్’ మూడు గంటల పైమాట, రెండుంపావు గంటల కాపీ దొరికితే అందులో ఏదో పోయిందని అర్థం. మూడు గంటలు ఒకే బిగిన కూర్చోవడం మొదట్లో నాకు చాతకాలేదు. ఇంటర్వెల్ దగ్గర ఆపి టీ తాగడం అలవాటు చేసుకున్నాక కుదిరింది.

నాలుగు ఆదివారాలు పెళ్ళిళ్ళకు, మూడు జ్వరానికి పోయాయి. ఒకటి రెండు వారాలు ఊరికే మనసు రాలేదు. పోయిన వారాలను కలిపి ఒకే రోజు రెండు చూడాలన్న ఆశను అణచుకున్నాను. అలా చూస్తే మళ్ళీ ఆ 19 రోజుల దగ్గరికే పోతాను.

చివరిది ‘మా భూమి’. గౌతమ్ ఘోష్ తీశారు, నిర్మాత బి. నర్సింగరావు. 42 ఏళ్ళ సినిమాల గుండా నడిచొచ్చి అక్కడ ఆగితే, అప్పటిదాకా చూసిన జమీందారు మేడలన్నీ ఒక్కసారి వెనక నుంచి చూసినట్టయింది. గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, పనిచేసేవాళ్ళు, వెట్టి చేసేవాళ్ళు ఇక్కడ కథ మధ్యలో ఉన్నారు. ‘పల్లెటూరి పిల్లగాడ’ పాట వస్తున్నప్పుడు, గద్దర్ ‘బండెనక బండి కట్టి’ అందుకున్నప్పుడు ఇంట్లో ఎవరూ కదల్లేదు. నా చెయ్యి రిమోట్ వైపు పోలేదు. అసలు రిమోట్ ఎక్కడుందో కూడా ఆ రోజు వెతుక్కోవాల్సి వచ్చింది.

వచ్చే నెల నుంచి రంగుల సినిమాలు, 1963 నాటి ‘లవకుశ’తో మొదలు. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా అది. నియమాలు ఇవే ఉంటాయి. మూడు గంటలు దాటే సినిమా కాబట్టి ఆ రోజు వంట పదకొండింటికల్లా అయిపోవాలని అమ్మ ఇప్పుడే చెప్పి పెట్టింది.