తాబేలు జాతి తెలుసుకోవడానికి రెప్టైల్ డేటాబేసా, ఐనాచురలిస్టా?

అక్వేరియం షాపులో తాబేలు పిల్ల ముద్దొచ్చినా సరే, డబ్బు ఇచ్చేముందు దాని జాతి ఏంటో చూసుకోండి. రెప్టైల్ డేటాబేస్ అంటే సరీసృపాల జాతుల పేర్లుండే సైటు, ఐనాచురలిస్ట్ అంటే ఫొటో చూసి జీవుల జాతి గుర్తించడంలో సాయపడే సైటు, యాప్. రెండూ ఉచితమే.

చేతిలో ఏముండాలి: డేటాబేస్‌కి పేరు కావాలి. ఐనాచురలిస్ట్‌కి ఫొటో చాలు.

శ్రమ: డేటాబేస్‌లో శాస్త్రీయ నామాలు చూసి కంగారు పడక్కర్లేదు, ఇంగ్లీషు వాడుక పేరుతోనూ వెతకొచ్చు. పాత పేర్లు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి, కళ్ల వెనక ఎర్ర చారుండే రెడ్ ఇయర్డ్ స్లైడర్‌ని ఒకచోట సూడెమిస్ అని, ఇంకోచోట ట్రాకెమిస్ అని రాసినా రెండూ ఒకటేనని తేలిపోతుంది. ఐనాచురలిస్ట్‌లో ఫొటో పెట్టగానే యాప్ కొన్ని పేర్లు సూచిస్తుంది.

రిస్క్: ఆ సూచన తప్పు కావచ్చు. పిల్లల్లో పోలికలు మరీ దగ్గరగా ఉంటాయి. పైగా పెంపుడు జంతువని గుర్తు పెడితే ఆ పేరు సరిచూసి చెప్పే తోటి సభ్యులు తగ్గిపోతారు. అందుకే డిప్ప పైభాగం, కింది భాగం, తల పక్క నుంచి విడివిడిగా ఫొటోలు తీయండి.

పెంపకం, చట్టం: రెండింటిలోనూ మేత, ట్యాంకు సంగతులు ఆశించొద్దు. మన రాయలసీమ పొదల్లో తిరిగే నక్షత్ర తాబేలు అని తేలితే మాత్రం కొనకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

షాపువాడు పేరు చెబితే డేటాబేస్ చూడండి. పేరే తెలియని తాబేలైతే ముందు ఐనాచురలిస్ట్, వచ్చిన పేరుతో మళ్లీ డేటాబేస్.