పీసీమూవర్: సెటప్ సీడీ పోగొట్టుకున్నవాళ్లకు మాత్రమే

ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కొత్త ల్యాప్‌టాప్‌లో దించేస్తే సాఫ్ట్‌వేర్ వచ్చేసినట్టే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఐకాన్ కనబడుతుంది, నొక్కితే ఏదో డీఎల్ఎల్ ఫైల్ లేదని బాక్స్ వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కచోట కూర్చునే రకం కాదు మరి. కొంత ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, కొంత ప్రోగ్రామ్‌డేటాలో, మన సెట్టింగులు యాప్‌డేటాలో, వీటన్నిటి చిట్టా రిజిస్ట్రీలో ఉంటాయి. ల్యాప్‌లింక్ వాళ్ల పీసీమూవర్ ప్రొఫెషనల్ ఈ ముక్కలన్నీ ఏరి కొత్త విండోస్‌లో వేటి చోట వాటిని పెడుతుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాత డెస్క్‌టాప్‌లు మార్చేవాళ్లకు ఇప్పుడు దీంతో పని పడుతోంది.

కానీ అన్నిటికీ దీన్ని వాడటం దండగ. క్రోమ్, వీఎల్‌సీ, జూమ్, మైక్రోసాఫ్ట్ 365 (పాత పేరు ఆఫీస్ 365) లాంటివి కొత్తగా వేసుకుంటేనే శుభ్రం. పాతవాటిని మోస్తే ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త కూడా వాటితోపాటే వస్తుంది. పెట్టిన డబ్బుకు న్యాయం జరిగేది సీడీ పోయిన, కంపెనీ మూతబడిన, ఇప్పుడు ఎక్కడా డౌన్‌లోడ్ దొరకని రెండు మూడు ప్రోగ్రాముల దగ్గరే.

చిక్కడపల్లిలో పెళ్లిపత్రికలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్‌నే తీసుకోండి. అక్కడ బండి నడిచేది 2001లో వచ్చిన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 మీద, తెలుగు అను ఫాంట్ల మీద. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు, 64 బిట్ విండోస్‌లో పాతకాలపు 16 బిట్ సెటప్ ఫైళ్లు నడవవు. అంటే ప్రోగ్రామ్ 32 బిట్‌దే అయినా, దాని ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది అయితే సీడీ చేతిలో ఉన్నా లాభం లేదు. ఇన్‌స్టాల్ అయి ఉన్నదాన్ని ఉన్నట్టుగా మోసుకొచ్చే పద్ధతికి అసలు విలువ ఇక్కడే. ఫాంట్లను మాత్రం దీనికి వదిలెయ్యకండి, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ నుంచి విడిగా కాపీ చేసి పెట్టుకోండి. అను ఫాంట్లు అన్ని కంప్యూటర్లకూ తెలిసిన యూనికోడ్ పద్ధతివి కావు. ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైల్ తెరిస్తే వధూవరుల పేర్లున్న చోట ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనబడతాయి.

ఇక కనెక్షన్. వైఫై మీద పని అవుతుంది గానీ ఓపిక పరీక్షే. మామూలు క్యాట్5ఈ ల్యాన్ కేబుల్‌తో రెండు సిస్టమ్‌లనూ నేరుగా కలపొచ్చు, ఇప్పటి పోర్టులకు క్రాస్ కేబుల్ అక్కర్లేదు. గిగాబిట్ పోర్ట్ సెకనుకు 110 ఎంబీ దాకా లాగుతుంది. పాత డెస్క్‌టాప్‌ది 100 ఎంబీపీఎస్ పోర్ట్ అయితే సెకనుకు 11, 12 ఎంబీకి మించదు, 100 జీబీకి రెండున్నర గంటలు పడుతుంది. సన్న ల్యాప్‌టాప్‌లకు ల్యాన్ పోర్టే ఉండదు కాబట్టి యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కావాలి, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతకొచ్చు. పీసీమూవర్ తన లైసెన్స్ సరిచూసుకోవడానికి నెట్ కూడా కావాలి గనుక ల్యాప్‌టాప్ వైఫై ఆపకండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌తో రెండు కంప్యూటర్లను కలపడం కుదరదు, మధ్యలో చిప్ ఉండే ట్రాన్స్‌ఫర్ కేబుల్ వేరే.

మొదలుపెట్టే ముందు చెయ్యాల్సిన పనుల్లో ఎక్కువమంది మర్చిపోయేది డీ డ్రైవ్. పాతదాంట్లో సీ, డీ రెండూ ఉంటాయి, కొత్త ల్యాప్‌టాప్ ఒక్క సీతోనే వస్తుంది. డీలో ఉన్నవి సీలోని ఏదో ఫోల్డర్‌లో పడతాయి, డీ అని లోపల రాసుకున్న పాత సాఫ్ట్‌వేర్ తన డేటా కనబడక మొరాయిస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని కుదించి ముందే డీ తయారుచేసి పెడితే ఈ గొడవే రాదు. తర్వాత రెండింట్లోనూ అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయి, యాంటీవైరస్ ఆపి, స్లీప్‌ను నెవర్‌లో పెట్టి, విండోస్ అప్‌డేట్‌ను పాజ్ చెయ్యండి. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టొద్దు. పీసీమూవర్‌లో ప్రోగ్రాముల జాబితా వచ్చాక అన్నిటి టిక్కులూ తీసేసి, కావాల్సినవాటికే పెట్టండి. ప్రింటర్ డ్రైవర్లు, యాంటీవైరస్ కొత్తగానే వేసుకోవాలి. తేడా వస్తే కొత్త సిస్టమ్‌లో అన్‌డూ ఉంది, అది మంచి సౌకర్యం. లైసెన్స్ మాత్రం ఒక పాత, ఒక కొత్త సిస్టమ్ జతకే. ఐదు సిస్టమ్‌లున్న ఆఫీసుకు ఇది గిట్టుబాటు కాదు.

లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్లతో ఇంకో తంటా. ఫైళ్లు వస్తాయి, హక్కు రాదు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీప్రైమ్‌ను పీసీమూవర్‌తో మోయడమే అనవసరం. పాతదాంట్లో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్‌లో లైసెన్స్‌కి వెళ్లి సరెండర్ చెయ్యండి, కొత్తదాంట్లో ట్యాలీ వేసి మళ్లీ యాక్టివేట్ చేసుకోండి, డేటా ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ఉన్న కంపెనీ ఫోల్డర్లను కాపీ చెయ్యండి, అంతే. సరెండర్ చెయ్యకుండా పాతదాన్ని ఫార్మాట్ కొట్టేస్తే తర్వాత తిరుగుడు తప్పదు. డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్, జీఎస్టీ సైట్‌లో సంతకానికి వాడే ఈఎమ్‌సైనర్ కూడా కొత్తగా వేసుకోవాల్సినవే. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన ఆఫీస్ ఆ ల్యాప్‌టాప్‌తోనే పోతుంది. క్రోమ్ పాస్‌వర్డ్‌లు ఆ విండోస్ అకౌంట్‌కే తాళం వేసి ఉంటాయి కాబట్టి ముందే సింక్ ఆన్ చేసుకోండి.

డబ్బు పెట్టకుండా అయ్యేది వింగెట్, అంటే విండోస్‌లోనే ఉండే కమాండ్ టూల్. పాతదాంట్లో ఎక్స్‌పోర్ట్ ఇస్తే జాబితా ఫైల్ వస్తుంది, కొత్తదాంట్లో ఇంపోర్ట్ ఇస్తే తనకు తెలిసినవాటిని తనే డౌన్‌లోడ్ చేసి వేస్తుంది. సెట్టింగులు రావు. ఇళ్లల్లో వాడే సిస్టమ్‌కి ఇది చాలు.

హార్డ్‌డిస్క్‌ను క్లోన్ చేసిస్తామనే, అంటే ఉన్నదున్నట్టు నకలు తీసిస్తామనే షాపులున్నాయి. అదే కంప్యూటర్‌కి కొత్త ఎస్ఎస్‌డీ వేసేటప్పుడు అది సరైన పనే. వేరే మదర్‌బోర్డు ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లోకి క్లోన్ చేస్తే దాంతో వచ్చిన విండోస్ చెరిగిపోతుంది, స్టోరేజ్ డ్రైవర్ కుదరకపోతే బ్లూ స్క్రీన్ దగ్గరే ఆగిపోతుంది. "సాఫ్ట్‌వేర్లన్నీ మేమే వేసిస్తాం" అంటే ఇంకా జాగ్రత్త. క్రాక్ చేసినవి వేస్తున్నారేమో ముందే అడగండి.

పాత సిస్టమ్‌ను కనీసం ఒక నెల పక్కన ఉంచండి. కొత్తదాంట్లోంచి ఒక జీఎస్టీ రిటర్న్ సంతకంతో సహా వెళ్లాక, ఒక పాత పేజ్‌మేకర్ ఫైల్ తెరిచి ప్రింట్ తీశాక అప్పుడు ఫార్మాట్ చెయ్యండి.